ఉప్పు తగ్గిందా, నీరు పెరిగిందా?

టెక్కలి నుంచి సముద్రం వైపు తిరిగితే నౌపడ వస్తుంది. శ్రీకాకుళం జిల్లాలో ఉప్పు మాట ఎత్తితే ముందుగా గుర్తొచ్చే ఊరు అదే. ఎండాకాలం అక్కడి ఉప్పుమడుల్లో నీరు ఆవిరై అడుగున తెల్లటి పొర కడుతుంది. కూలీలు పొడవాటి కర్రకు బిగించిన పలకతో దాన్ని గట్టు వైపు లాగి కుప్పలు పోస్తారు. ఆ కుప్ప పడేలోగా అకాల వాన ఒక్కటి కురిసిందంటే మడిలో మిగిలేది నీరే. ఉప్పును ఎవరూ ఎత్తుకుపోలేదు. ఉన్నది ఉన్నచోటే ఉంది, దాని మీద నీరు ఎక్కువైంది.

చెట్టు మీంచి పడి మెడ ఎముక విరిగి, ఆసుపత్రిలో కదలకుండా పడుకున్న మనిషి గురించి నాలుగో రోజో అయిదో రోజో డాక్టరు వచ్చి "సోడియం తగ్గిపోయింది" అంటారు. ఆ మాటకు ఇంటివాళ్లు ఉప్పు తగ్గిందనుకుంటారు. నిజానికి చాలాసార్లు అక్కడ జరిగింది నౌపడ మడిలో వాన కురిస్తే జరిగేదే. ఈ పూట ప్రసంగం దాని గురించే.

పలాస, కాశీబుగ్గ నుంచి ఇచ్ఛాపురం దాకా సముద్రం వెంట ఉన్న ప్రాంతాన్ని ఉద్దానం అంటారు. ఉద్యానవనం అన్న మాటే జనం నోట ఉద్దానం అయిందని చెబుతారు. కొబ్బరి, జీడి, పనస ఇక్కడి బతుకుతెరువు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఈ తీరం మీదే విరుచుకుపడింది. తరాల నాటి తోటలు ఒక్క రాత్రిలో నేలకొరిగాయి. మిగిలిన చెట్లను, మళ్లీ నాటిన మొక్కలను నమ్ముకుని జనం ఇప్పటికీ చెట్టు ఎక్కుతూనే ఉన్నారు.

పాతరకం కొబ్బరి చెట్టు 50, 60 అడుగుల ఎత్తు పోతుంది. దింపు పనివాడికి కాళ్ల మధ్య ఒక తాడు, నడుముకు ఒక కత్తి, అంతే సరంజామా. మొవ్వు దగ్గరకు చేరాక చేతికి ఆధారం మట్టే. పచ్చిమట్ట అనుకుని పట్టుకున్నది ఎండుమట్ట అయితే అది ఊడి చేతిలోకి వస్తుంది, దానితోపాటు మనిషీ కిందికి వస్తాడు. మన దేశంలో వెన్నుపాము దెబ్బలకు రోడ్డు ప్రమాదాలతో పాటు ఇలా ఎత్తు నుంచి పడడం కూడా పెద్ద కారణం. చెట్టు, మేడ, నూతి గట్టు, విద్యుత్ స్తంభం, అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి.

వెన్నుపూసల గొలుసు మధ్య సొరంగంలో వెన్నుపాము ఉంటుంది. దాని మందం దాదాపు మన చిటికెన వేలంత. నడుము దగ్గర అది దెబ్బతింటే కాళ్లు పడిపోతాయి, మెడ దగ్గర దెబ్బతింటే కాళ్లతో పాటు చేతులూ పడిపోతాయి. ఇంతవరకు అందరికీ కనిపించేదే. కనిపించనిది ఇంకొకటి ఉంది. గుండె ఎంత వేగంగా కొట్టుకోవాలి, రక్తనాళాలు ఎంత బిగుసుకోవాలి, చెమట ఎప్పుడు పట్టాలి, కిడ్నీ ఎంత ఉప్పును వెనక్కి తీసుకోవాలి అన్న ఆజ్ఞలు కూడా మెదడు నుంచి ఆ దారినే దిగుతాయి. వాటిలో ముఖ్యమైన నరాలు వెన్నుపాములోంచి ఛాతీ భాగంలోనూ, నడుము పైభాగంలోనూ బయటికి వస్తాయి. మెడ దగ్గరే దారి తెగితే వాటిలో దేనికీ కబురు అందదు.

తిత్లీ తర్వాత ఉద్దానంలో నిలిచిన ఇళ్లూ, చెడని బోరు మోటార్లూ ఉన్నాయి. స్తంభాలు విరిగి, తీగలు తెగి రోజుల తరబడి కరెంటు మాత్రం రాలేదు. మెడ విరిగిన మనిషి కిడ్నీల పరిస్థితి అలాంటిది. కిడ్నీలు బాగానే ఉన్నాయి, వాటికి వెళ్లే లైనే తెగింది.

ఇక రక్తంలో ఏమవుతుందో చూద్దాం. మామూలు మనిషి రక్తంలో సోడియం 135 నుంచి 145 మధ్య ఉంటుంది. ల్యాబు కాగితం మీద ఈ అంకె పక్కన ఏవో ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి, వాటితో శ్రోతలకు పని లేదు. ఉప్పదనం సంగతి చెప్పుకుంటే సముద్రపు నీటిలో లీటరుకు సగటున 35 గ్రాముల లవణాలు ఉంటాయి. ఆసుపత్రిలో ఎక్కించే నార్మల్ సెలైన్‌లో లీటరుకు 9 గ్రాముల ఉప్పు ఉంటుంది. మన రక్తం ఉప్పదనం ఈ సెలైన్‌కు దగ్గరగా ఉంటుంది. ఆ కొలత తప్పకుండా శరీరం రాత్రింబవళ్లు కాపలా కాస్తుంది.

మెడ దగ్గర వెన్నుపాము తెగినప్పుడు రక్తనాళాలు సడలిపోతాయి, బీపీ పడిపోతుంది, నాడి నెమ్మదిస్తుంది. ఒంట్లో రక్తమే తగ్గిపోయిందని మెదడు పొరపాటు పడి, నీటిని వదలవద్దని కిడ్నీకి చెప్పే హార్మోనును విడుదల చేస్తుంది. దాని పేరు వాసోప్రెసిన్. అది నరాల దారిన పోయేది కాదు, రక్తంలో కలిసి ప్రయాణిస్తుంది. అందుకే వెన్నుపాము తెగినా ఈ కబురు మాత్రం కిడ్నీకి చేరుతుంది. ఇంకోవైపు ఉప్పును నిలుపుకోమని నరాల ద్వారా రావలసిన ఆజ్ఞ అందదు కనుక ఉప్పు మూత్రంలో కారిపోతుంది. నీటిని పట్టి ఉంచి, ఉప్పును వదిలేయడంతో రక్తం రెండు విధాలా పలచబడుతుంది.

ఇంతలో పై నుంచి సీసాలు ఎక్కుతుంటాయి. మన ఊళ్లలో సీసాలో ఏమున్నా "గ్లూకోజు ఎక్కించారు" అనేస్తారు. కానీ సీసాకూ సీసాకూ తేడా ఉంది. ఉప్పు లేని 5 శాతం డెక్స్‌ట్రోజ్ ఎక్కిస్తే అందులోని చక్కెరను శరీరం వాడేసుకుంటుంది, చివరికి మిగిలేది వట్టి నీరే. దానికి తోడు మనిషి నీరసంగా ఉన్నాడని ఇంటివాళ్లు గంటగంటకూ మంచినీళ్లు, కొబ్బరినీళ్లు, పళ్లరసం పడుతుంటారు.

ఇక్కడ ఒక చిన్న లెక్క. 60 కిలోల మగమనిషి ఒంట్లో సుమారు 36 లీటర్ల నీరు ఉంటుంది. అతని సోడియం 140 నుంచి 120కి పడిపోవాలంటే బయటికి పోకుండా 6 లీటర్ల నీరు లోపల నిలిస్తే చాలు. రోజుకు లీటరున్నర చొప్పున నిలిస్తే నాలుగు రోజుల్లో అంత పని అవుతుంది. వెన్నుపాము దెబ్బ తర్వాత సోడియం పడిపోవడం ఎక్కువగా మొదటి రెండు వారాల్లోనే జరుగుతుంది. మెడ దగ్గర, పూర్తిగా తెగిన దెబ్బల్లో మరీ ఎక్కువ.

ఇలాంటి సందర్భాన్ని ఒకదాన్ని ఊహించుకుందాం. ఉద్దానంలో ఒక దింపు కూలీ, ముప్పై అయిదేళ్ల మనిషి, మెడ ఎముక విరిగి పెద్దాసుపత్రిలో ఉన్నాడు. మొదటి మూడు రోజులు బాగానే మాట్లాడాడు. పిల్లల ఫీజు గురించి అడిగాడు, తోట బేరం గురించి చెప్పాడు. నాలుగో రోజు తల నొప్పిగా ఉందన్నాడు, తిన్నది కక్కాడు. అయిదో రోజు పొద్దున్న మేనల్లుడిని పట్టుకుని, ఎప్పుడో పోయిన తమ్ముడి పేరు పెట్టి పిలిచాడు. రౌండ్లకు వచ్చిన డాక్టరుతో భార్య అంటుంది: "ఏటేటో మాటాడతన్నాడు బాబూ. నన్ను కూడా గుర్తెట్టనేకపోతన్నాడు. దిగులుతో మతి పోనాదేటో."

దిగులు ఉండే మాట నిజమే. పక్కనున్నవాళ్లు గాలి సోకిందనవచ్చు, మందుల మత్తు అనవచ్చు. నర్సు కూడా రాత్రి నిద్ర లేదు కదా అనవచ్చు. అసలు కారణం పుర్రె లోపల ఉండవచ్చు. రక్తం పలచబడితే నీరు మెదడు కణాల్లోకి చేరి వాటిని ఉబ్బిస్తుంది. కడుపు ఉబ్బితే సాగుతుంది కానీ పుర్రె సాగదు. అందుకే తలనొప్పి, వాంతి, మగత, అయోమయం, పొంతనలేని మాటలు వరసగా వస్తాయి. అంకె 120 కిందికి, అందులోనూ వేగంగా దిగితే ఫిట్స్ వస్తాయి, స్పృహ తప్పుతుంది, ప్రాణానికే ముప్పు వస్తుంది. చేతులూ కాళ్లూ ముందే పడిపోయిన మనిషిలో నీరసాన్నీ తూలుడునూ కనిపెట్టే వీలు ఉండదు కనుక మాట మారడమే మొదటి గుర్తు కావచ్చు. ఆ మాటను రోజూ వినేది డాక్టరు కాదు, మంచం పక్కన కూర్చున్న భార్య, తల్లి, అన్న.

నీరు ఎక్కువైతే రక్తం పలచబడుతుందనడానికి చెట్టు నుంచి పడక్కర్లేదు. 2002 బోస్టన్ మారథాన్‌లో పరుగు పూర్తి చేసిన 488 మంది రక్తం పరీక్షిస్తే నూటికి 13 మందిలో సోడియం తగ్గి ఉంది. దారి పొడవునా ఎక్కువగా తాగి, పరుగు తర్వాత బరువు పెరిగినవాళ్లలోనే ఇది ఎక్కువ. చెమటలో ఉప్పు కోల్పోయినదాని కన్నా తాగిన నీరే వాళ్లను ఎక్కువగా దెబ్బతీసింది.

సరే, సోడియం తగ్గింది, ఇప్పుడేం చేయాలి? డాక్టర్ల మధ్య కూడా ఏళ్ల తరబడి వాదన నడిచిన చోటు ఇదే. 1950లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో జాన్ పీటర్స్ బృందం, మెదడు జబ్బులున్న రోగుల్లో మూత్రం గుండా ఉప్పు కారిపోవడాన్ని వర్ణించింది. 1957లో ష్వార్ట్జ్, బార్టర్ అనే వైద్యులు ఊపిరితిత్తుల క్యాన్సరు ఉన్న ఇద్దరిలో దీనికి భిన్నమైన సంగతి చూశారు. అక్కడ అసలు చిక్కు, అక్కర లేకుండా వస్తున్న వాసోప్రెసిన్ నీటిని పట్టి ఉంచడం. రెండింట్లోనూ రక్త పరీక్షలో సోడియం తక్కువగానే కనిపిస్తుంది, మూత్రంలో సోడియం ఎక్కువగానే ఉంటుంది. చికిత్స మాత్రం ఎదురెదురు. నీరు నిలిచిన మనిషికి తాగే నీరు తగ్గించాలి, రోజుకు లీటరు లోపే అని కొలిచి ఇస్తారు. ఉప్పూ నీరూ రెండూ కారిపోయి ఎండిపోయిన మనిషికి ఉప్పూ నీరూ రెండూ ఇవ్వాలి. ఒకరి మందు ఇంకొకరికి ఇస్తే జబ్బు ముదురుతుంది. మెడ విరిగిన మనిషికి బీపీ ఎలాగూ తక్కువగానే ఉంటుంది కనుక ఒంట్లో నీరు ఎక్కువా, తక్కువా అన్నది తేల్చడం మరీ కష్టం.

అందుకే ఆసుపత్రిలో అన్నింటికన్నా విలువైన కాగితం ఒకటి ఉంది. లోపలికి ఎంత పోయింది, బయటికి ఎంత వచ్చింది అని రాసే లెక్క. యూరిన్ బ్యాగు మీద గీతలు, అంకెలు ఉంటాయి. రాత్రి పూట బ్యాగు నిండితే పక్కనున్న బంధువు తీసుకెళ్లి పారబోసి వస్తాడు, ఎంత వచ్చిందో ఎవరికీ తెలియదు. పారబోసే ముందు ఆ గీత చూసి టైముతో సహా ఒక నోటు పుస్తకంలో రాసిపెడితే చాలు. తాగిన గ్లాసులు కూడా అందులోనే రాయాలి. పొద్దున్న డాక్టరు వచ్చినప్పుడు ఆ పుస్తకం చూపిస్తే సగం ప్రశ్నలకు జవాబు దొరుకుతుంది.

ఫిట్స్ వచ్చినా, స్పృహ తప్పుతున్నా డాక్టర్లు 3 శాతం ఉప్పున్న గాఢమైన సెలైన్‌ను కొద్దికొద్దిగా ఎక్కిస్తారు. ఆ కష్టం తీరాక మాత్రం తొందరపడరు. 24 గంటల్లో సోడియం పెరుగుదల 8, 10 అంకెలు దాటకుండా చూసుకుంటూ గంటల తేడాతో మళ్లీమళ్లీ రక్తం తీస్తారు. "రోజుకు ఎన్నిసార్లు రక్తం తీస్తారు?" అని బంధువులు విసుక్కునేది ఇక్కడే. ఆ జాగ్రత్తకు కారణం ఉంది. మెదడు కణాలు రెండు రోజుల్లో పలచటి రక్తానికి అలవాటు పడతాయి. ఒక్కసారిగా ఉప్పదనం పెంచితే మెదడులో నరాల మీది పూత దెబ్బతిని, కొన్నాళ్లకు మాట పడిపోవచ్చు, మింగలేకపోవచ్చు, కాళ్లూ చేతులూ చచ్చుబడవచ్చు. 1959లో ఆడమ్స్ బృందం ఈ జబ్బును మొదటిసారి వర్ణించింది. తొందరపడి సోడియం పెంచడంతో దానికున్న లంకె ఆ తర్వాత తేలింది.

ఇక ఉద్దానానికే ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. ఇక్కడి కిడ్నీ జబ్బు గురించి లోకమంతా విన్నది. కారణం ఇంకా తేలలేదు. సోంపేట, కవిటి, పలాస వైపు డయాలసిస్ తెలియని ఊరు తక్కువ. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. బడి ముఖం చూడని ముసలమ్మ కూడా "క్రేటిన్ ఎంతుందిరా?" అని మనవణ్ని అడిగే ప్రాంతం ఇది. కిడ్నీ పనితీరుకు కొలతైన క్రియాటినిన్ అనే ఆ ఒక్క అంకెతో ఇక్కడి జనం ఎన్నో ఏళ్లుగా కాపురం చేస్తున్నారు.

వెన్నుపాము దెబ్బతిన్న మనిషి విషయంలో ఆ అంకె మోసం చేస్తుంది. క్రియాటినిన్ కండరాల నుంచి పుట్టే పదార్థం. నెలల తరబడి కదలక కండ కరిగిపోయిన మనిషిలో అది తక్కువగా పుడుతుంది. కిడ్నీ దెబ్బతింటున్నా కాగితం మీద అంకె మామూలుగానే కనిపించవచ్చు. అలాంటివారికి కండతో సంబంధం లేని సిస్టాటిన్-సి అనే పరీక్ష అవసరం పడవచ్చు. డాక్టరును ఆ సంగతి అడగడంలో తప్పులేదు.

ఇక కొబ్బరి బొండాం. మంచం పట్టినవాడికి బొండాం కొట్టివ్వడం ఇక్కడి మర్యాద. అయితే కొబ్బరినీళ్లలో పొటాషియం దండిగా ఉంటుంది, సోడియం అంతకన్నా చాలా తక్కువ. సోడియం పడిపోయిన మనిషికి అది ఉప్పు లేని నీటి కింద లెక్క. కిడ్నీ బాగాలేని మనిషికైతే ఆ పొటాషియం పేరుకుపోయి గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. చెట్టు మీంచి పడిన మనిషికి ముందే కిడ్నీ జబ్బు ఉంటే రెండు ప్రమాదాలూ ఒక్క బొండాంలోనే ఉన్నాయి. అలాగని మజ్జిగలో గుప్పెడు ఉప్పు కలిపి పట్టడమూ వైద్యం కాదు. కిడ్నీ జబ్బుకు ఉప్పు తగ్గించమని ఒక డాక్టరు చెప్పి ఉంటారు, ఇప్పుడు ఉప్పు పెంచమని ఇంకొక డాక్టరు చెప్పవచ్చు. ఇద్దరి చీటీలూ ఒకే సంచిలో పెట్టుకుని ఇద్దరికీ చూపించాలి.

ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక కూడా ఈ కథ పూర్తిగా ముగియదు. నరాల మంటకు, ఫిట్స్‌కు ఇచ్చే కార్బమజెపిన్, దిగులుకు ఇచ్చే కొన్ని మాత్రలు, బీపీకి ఇచ్చే కొన్ని మూత్రం మాత్రలు సోడియాన్ని తగ్గించగలవు. చక్రాల కుర్చీలో పగలంతా కూర్చున్నవారి కాళ్లలోకి నీరు దిగి, రాత్రి పడుకోగానే ఆ నీరంతా మూత్రమై వస్తుంది. దాన్ని ఆపడానికి డెస్మోప్రెసిన్ ఇస్తే, ఆ మందు వేసుకున్న రాత్రి నీళ్లు అతిగా తాగకూడదు. మూత్రంలో చీము పట్టకుండా నీళ్లు బాగా తాగమని కూడా చెబుతారు. బాగా అంటే ఎంత అన్నది రోజుకు ఇన్ని లీటర్లని డాక్టరుతో చెప్పించుకోవాలి. నాలుగు నుంచి ఆరు గంటలకోసారి గొట్టంతో మూత్రం తీసుకునేవారికి ఒక్కోసారి అర లీటరు దాటకుండా ఉంటే మంచిది, తాగే నీటినీ ఆ మేరకే సర్దుకోవాలి.

ఎండాకాలం మరో తికమక. మెడ దగ్గర దెబ్బతిన్నవారికి దెబ్బ కింది భాగంలో చెమట పట్టదు. ఒళ్లు వేడెక్కుతుంది, నోరు ఎండుతుంది, ఇంటివాళ్లు నీళ్లు మీద నీళ్లు పడతారు. చెమటే పట్టనప్పుడు తాగిన నీరు ఒంటిని చల్లబరచదు. తడిగుడ్డతో ఒళ్లు తుడిచి, ఫ్యాను కిందో చెట్టు నీడనో ఉంచితే చల్లబడుతుంది.

ఒకప్పుడు వెన్నుపాము తెగినవాళ్లు ఏళ్లపాటు బతకడం అరుదు. మూత్రపు ఇన్‌ఫెక్షన్లు, కిడ్నీల వైఫల్యం, పడకపుండ్లు వాళ్లను తీసుకుపోయేవి. 1944 ఫిబ్రవరిలో ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో డాక్టరు లుడ్విగ్ గుట్‌మన్ వీళ్ల కోసం ప్రత్యేక విభాగం తెరిచాక ఆ రాత మారడం మొదలైంది. మన పక్క రాష్ట్రంలోని వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో, 1954లో రోడ్డు ప్రమాదంలో నడుము కింది భాగం చచ్చుబడిన యువ డాక్టరు మేరీ వర్గీస్, చక్రాల కుర్చీలోంచే కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేసింది. న్యూయార్క్ వెళ్లి పునరావాస వైద్యం నేర్చుకుని వచ్చి వెల్లూరులో ఆ విభాగాన్ని నిలబెట్టింది. 1972లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది. వెల్లూరు వెళ్లడానికి కాట్పాడి స్టేషన్లో దిగే తెలుగువాళ్లలో ఆ విభాగానికి వెళ్లేవారూ ఉంటారు.

చివరిగా తోటల్లో పనిచేసేవారికి, వారి ఇంటివారికి నాలుగు మాటలు. చెట్టు మీంచి పడిన మనిషిని రెక్కలు పట్టుకుని లేపకండి, కూర్చోబెట్టకండి, ఆటోలో ముడిచి పడుకోబెట్టకండి. 108కి ఫోను చేసి, వాహనం వచ్చేదాకా తల, మెడ, నడుము ఒకే వరసలో కదలకుండా పట్టుకోండి. కొబ్బరి అభివృద్ధి బోర్డు వారి కేర సురక్ష బీమా చెట్టు ఎక్కేవారి కోసం ఉన్నదే, సీజను మొదలయ్యేలోగా దాని వివరాలు అడిగి తెలుసుకోండి. ఆసుపత్రిలో ఉన్న మనిషి మాట తీరు మారితే దిగులని సరిపెట్టుకోక, ఆ పూటే డాక్టరుతో చెప్పండి. క్రియాటినిన్ కోసం తీసిన ఆ కాస్త రక్తంతోనే సోడియం కూడా చూడవచ్చు. ఈసారి కాగితం చేతికి వచ్చినప్పుడు ఆ రెండో అంకె కూడా అడిగి చదివించుకోండి.